క్యాంటీన్ గోడకెక్కిన ఉస్తాద్

ముందే చెప్పేస్తున్నాను, ఇది గొప్పలు చెప్పుకోవడానికి రాస్తున్నదే. ఉద్యోగం చేసినన్నాళ్లూ పాశమైలారంలో ఒక ఫౌండ్రీ గేటు పక్కన, టైం ఆఫీసులో కూర్చున్న మనిషిని. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎవరికి ఎన్ని సెలవులు మిగిలాయి, ఎవరు నిజంగా జ్వరం వచ్చి మానేశారు, ఎవరు పెళ్లికి పోయి జ్వరమని చెప్పారు, ఇదే నా లోకం. నా సర్వీసు మొత్తంలో ఘనకార్యం అనదగ్గది ఒక్కటే ఉంది. దాన్ని కూడా మింగి కూర్చుంటే ఎట్లా? జేబులోంచి ఫోను తీసి చిటికెలో బోలెడు ఫోటోలు కొట్టి, ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ చెరిపేసే మీలాంటి పిల్లలు దీన్ని చదివితే మరీ సంతోషం.

ఫౌండ్రీ అంటే ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే ఫ్యాక్టరీ. మాది పంపులకూ వాల్వులకూ కావలసిన భాగాలు పోత పోసేది. అక్కడ ఒక ఆచారం ఉండేది. ఏటా వార్షికోత్సవం రోజున ఆఫీసు ముందున్న పచ్చగడ్డి మీద అందరినీ వరుసల్లో నిలబెట్టి గ్రూప్ ఫోటో తీయిస్తారు. దాన్ని ఫ్రేము కట్టించి క్యాంటీన్ గోడకు తగిలిస్తారు. మెషిన్ షాపు వాళ్లు, ప్యాకింగ్ ఆడవాళ్లు, డ్రైవర్లు, తోటమాలి, అందరూ ఆ గోడ మీద ఉన్నారు. ఏదో పార్సెల్ ఇవ్వడానికి వచ్చిన కొరియర్ కుర్రాడు కూడా ఒక ఏడాది వెనక వరుసలో దూరి నవ్వుతూ దిగిపోయాడు. లేనిదల్లా ఫర్నేసు దగ్గర పనిచేసేవాళ్లే. లోపల ఇనుము కరుగుతూ ఉంటే దాన్ని వదిలేసి ఫోటో దిగడానికి రావడం కుదరదు.

ఆ ఫర్నేసుకు పెద్ద మా ఉస్తాద్. దగ్గర్లోని ఇంద్రేశం ఊరి మనిషి, రైతు కుటుంబం. ఇరవై ఏళ్లు దాటీ దాటకముందే ఇనుము దగ్గరికి వచ్చి అక్కడే తల నెరిపించుకున్నాడు. ఫ్యాక్టరీలో ఆయన్ను అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. నవ్వడం తక్కువ, తిట్టడం ఎక్కువ. అయినా ఆయన కింద పనిచేసిన పిల్లలెవరూ ఆ షిఫ్టు వదిలి పోతామని నా దగ్గరికి రాలేదు.

ఇక నా చేతికి కెమెరా ఎట్లా వచ్చిందో చెప్పాలి. మార్కెటింగ్‌లో ఒకాయన ముచ్చటపడి కంపెనీ డబ్బుతో పెద్ద కెమెరా కొనిపించాడు. కొన్న కొన్నాళ్లకే వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. కెమెరా బీరువాలో పడి ఉంది. నేను రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లున్నాయనగా ప్లాంట్ మేనేజర్ నన్ను పిలిచి, ఇకనుంచి కంపెనీ ఫోటోలు మీరే తీయండి మేడం అన్నారు. నాకు రాదన్నాను. నేర్చుకోండి అన్నారు. అంతే, నా శిక్షణ పూర్తయింది.

కొన్నాళ్లు దాన్ని ఆటోలో పెట్టి నొక్కుతూ బతికేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పైన గుండ్రటి మీట ఉంది, దాని మీద అక్షరాలున్నాయి, చూస్తూ ఊరుకోలేకపోయాను. మా ఆయన రిటైరైన స్కూలు మాస్టరు. కెమెరాతో వచ్చిన పుస్తకాన్ని పాఠంలా చదివి వినిపించేవారు. సంగతి మూడు ముక్కల్లో ఇంతే. కెమెరా కన్ను ఎంతసేపు తెరిచి ఉండాలన్నది షట్టర్. ఎంత వెడల్పుగా తెరుచుకోవాలన్నది అపర్చర్. పడిన వెలుతురుకు అది ఎంత త్వరగా స్పందించాలన్నది ఐఎస్ఓ. ఒకదాన్ని పెంచితే ఇంకొకదాన్ని తగ్గించుకోవాలి. చెప్పడానికి ఎంత తేలికో చూడండి! ఒకసారి డైరెక్టరుగారు వచ్చినప్పుడు అపర్చర్ బార్లా తెరిచి తీశాను. ముందు కూల్‌డ్రింకులు అందిస్తున్న అటెండర్ మీసంలో వెంట్రుకలతో సహా వచ్చాడు. వెనక నిలబడ్డ డైరెక్టరుగారు మంచులో తప్పిపోయినట్టు మసకగా వచ్చారు. మేనేజర్ ఆ ఫోటోను చాలాసేపు చూసి, అటెండర్‌కు ఒక కాపీ ఇవ్వండి అన్నారు.

ఉస్తాద్ రిటైర్మెంటు దగ్గర పడ్డ నెలలో ఒక రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి గోడ వైపు చూశాడు.

"చెల్లె, ఆ గోడ మీద కొరియరోడు ఉన్నడు. నేను లేను. నేను పోయినంక ఈ కంపెనీల నేను గూడ పనిచేసిన అంటే ఎవడు నమ్ముతడు?"

అన్నేళ్లూ ఆ గోడ కింద కూర్చుని తిన్నదాన్ని, ఆ లోటు ఒక్కనాడూ నా కంటపడలేదు. సాయంత్రం షిఫ్టు దిగాక గడ్డి మీదికి రా, నేనే తీస్తానన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

"గడ్డి మీద చేతులు కట్టుకొని నిలబడనీకి పెండ్లికి వచ్చిన్నా? తీస్తే ఫర్నేసు కాడ తియ్యి, మా పిల్లలతోని తియ్యి. లేకుంటే వద్దు."

నా నోరు ఊరుకుంటుందా? "తీస్త అన్నా. నువ్వు పోయేలోపల ఆ గోడ మీద ఉంటవ్" అన్నాను. క్యాంటీన్ మొత్తం వినేట్టు అన్నాను. పక్క టేబుల్ దగ్గర ఉస్తాద్ కింద పనిచేసే ఒడిశా పిల్లలు చేతులు ఆపి, దీదీ పక్కానా అని అడిగారు. పక్కా అన్నాను.

మేనేజర్ ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. గోడ మీద పెట్టే ఫోటోలో ప్రతి మొహం గుర్తుపట్టేట్టు ఉండాలి, లేకపోతే పెట్టనివ్వను అన్నారు. న్యాయమే. సేఫ్టీ ఆఫీసర్ ఇంకో షరతు పెట్టాడు. చిన్న వయసు, పెద్ద విజిల్. హెల్మెట్, కళ్లద్దాలు పెట్టుకుని పసుపు గీత ఇవతలే నిలబడాలి, గీత దాటితే ఫోటోగ్రఫీ బంద్ అన్నాడు.

మొదటి రోజు ఫర్నేసు పిల్లలను చూసి నవ్వాపుకోలేకపోయాను. కెమెరా కనబడగానే హెల్మెట్లు తీసి చంకలో పెట్టుకుని జుట్టు దువ్వుకున్నారు. సేఫ్టీ ఆఫీసర్ విజిల్ ఊదీ ఊదీ అలిసిపోయాడు. హెల్మెట్లు మళ్లీ ఎక్కాయి. అందరూ ఫర్నేసుకు వీపు పెట్టి, నా వైపు తిరిగి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. నొక్కాను. వెనక ఇనుము భగభగమంటోంది, ముందు మనుషులు నల్లకాగితంలో కత్తిరించి అతికించినట్టున్నారు. ఒక్క మొహం తెలియదు. షట్టర్ ఇంకాసేపు తెరిచి తీశాను. మొహాలు లీలగా కనబడ్డాయి, వెనకున్న ఫర్నేసంతా తెల్లటి మరక అయిపోయింది. ఫ్లాష్ వేశాను. అందరూ పౌడరు డబ్బాలో పడి లేచినట్టు వచ్చారు, నిప్పు కాస్తా చల్లారిపోయింది. ఉస్తాద్ ఆ చిన్న తెర మీదికి వంగి చూశాడు. ఇది నడిచే ఫర్నేసు లెక్క లేదు, తుక్కుల అమ్మనీకి పెట్టినట్టుంది అన్నాడు.

తరువాత నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఫర్నేసులోకి తొంగి చూడటానికి వాళ్ల దగ్గర ముదురు నీలం అద్దం ఒకటి ఉంటుంది. దానిలోంచి చూస్తే మంట కళ్లకు గుచ్చుకోదు. కంటికి పనికొచ్చింది కెమెరాకు పనికిరాదా అని దాన్ని లెన్సుకు అడ్డంగా పెట్టి తీశాను. ఇనుము నీలం, గోడలు నీలం, మనుషులు నీలం. నాటకంలో కృష్ణుడి వేషాలు కట్టినట్టున్నామని పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ ఫోటో కంపెనీ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. గేటు దగ్గర హాజరు పంచ్ కొట్టడానికి వచ్చిన ప్రతివాడూ ఆ వారమంతా నన్ను చూసి కిసుక్కుమన్నాడు.

రోజులు దగ్గర పడుతున్నాయి. అన్ని అంకెలూ తిప్పి చూశాను. మొహాలకు సరిపెడితే నిప్పు చెడుతోంది, నిప్పుకు సరిపెడితే మొహాలు మాయమవుతున్నాయి. మా ఆయన పుస్తకం మూసి, రాలేదని ఒప్పేసుకో, తప్పేముంది అన్నారు. ఆ రోజు ఆయనకు చారు నేనే వడ్డించాను గానీ మాట్లాడలేదు. క్యాంటీన్‌లో అందరి ముందూ అన్న మాట. అంతకంటే ఎక్కువ, గోడ వైపు చూసినప్పటి ఆ ముసలాయన మొహం. అది నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒకరింట్లో మనవరాలి పుట్టినరోజు ఉంటే వెళ్లాం. ఇంద్రేశంలో కొత్త లేఅవుట్‌లో కట్టుకున్న ఇల్లు. ప్రార్థన అయింది, కర్టెన్లు మూసి లైట్లు ఆర్పారు, కేకు మీద కొవ్వొత్తులు వెలిగించారు. సాధన కోసమని కంపెనీ కెమెరాను ఇంటికి తెచ్చుకుని మెడలోనే వేసుకు తిరుగుతున్నాను. ఎట్లాగూ మెడలో కెమెరా ఉంది, మీరే తీయండి ఆంటీ అన్నారు. తీశాను. తీసి చూసుకుని, అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

పాప మొహం వెలుగుతోంది. వెనక తల్లి, నాయనమ్మ, పక్కన తోసుకుంటున్న పిల్లలు, అందరి మొహాలూ పసుపు రాసినట్టు మెరుస్తున్నాయి. కొవ్వొత్తులూ చక్కగా కనబడుతున్నాయి. ఫ్లాష్ లేదు, ఏమీ లేదు. ఎందుకంటే వాళ్లు కొవ్వొత్తులకు వీపు పెట్టి నా వైపు చూడటం లేదు. వెలుగుకు అవతల వాళ్లున్నారు, ఇవతల నేనున్నాను, వాళ్ల కళ్లన్నీ మంట మీదున్నాయి. నేను ఇన్నాళ్లూ తిప్పాల్సింది మీటను కాదు. నేను నిలబడే చోటు మార్చుకోవాలి! కేకు ముక్క ప్లేటులో అట్లాగే ఉంది, నేను మాత్రం మా ఆయన చెయ్యి పట్టుకుని దొరికింది దొరికింది అంటున్నాను. చెవిపోగు పడిపోయి దొరికిందేమోనని ఆయన నా చెవుల వైపు చూశారు.

సోమవారం పొద్దున్నే ఫర్నేసు దగ్గరికి పరుగెత్తాను. అక్కడ ఉస్తాద్ చల్లగా ఒక కబురు చెప్పాడు. ఆ రోజు పోసేదే చివరి పోత అట. మర్నాటి నుంచి లోపలి గోడలు మార్చడానికి ఫర్నేసు ఆపేస్తున్నారు. మళ్లీ వెలిగించేసరికి ఆయన ఉండడు. అంటే నాకు దక్కేది ఒకే ఒక్క లాడిల్. లాడిల్ అంటే కరిగిన ఇనుమును మోసే పెద్ద బకెట్టు, క్రేనుకు వేలాడుతూ వస్తుంది. దాన్ని ఉస్తాద్ చక్రం తిప్పుతూ వంచి, నేల మీద వరుసగా పెట్టిన అచ్చుల్లో ఒకదాని తరువాత ఒకటి పోస్తాడు. లాడిల్ ఖాళీ అయితే నా కథ కూడా ఖాళీ.

అచ్చుల వరుసకు అవతల గోడకు ఇనుప మెట్లున్నాయి, సగంలో నిలబడటానికి చిన్న అరుగులాంటిది ఉంది. నిప్పుకు దూరం, ఎత్తు, జూమ్ లెన్సుకు అందుతుంది. సేఫ్టీ ఆఫీసర్ రెండుసార్లు మెట్లెక్కి దిగి, సరే, నేను మీ పక్కనే ఉంటానన్నాడు. నేను పిల్లలను కూర్చోబెట్టి చెప్పాను. ఎవరూ నన్ను చూడొద్దు, నేను లేనట్టే మీ పని మీరు చేయండి అన్నాను. వాళ్లు మొహామొహాలు చూసుకున్నారు. "కెమెరా దిక్కు సూడకుంటే అది ఫోటో ఎట్లైతది అక్కా?" అని ఒకడు నిజంగానే బాధపడ్డాడు. నాకు వాడి మీద జాలేసింది. పుట్టాక దిగిన నాలుగు ఫోటోల్లోనూ కెమెరా వైపు రెప్ప వేయకుండా చూసిన మనిషి వాడు.

లాడిల్ కదిలింది. షెడ్డులో లైట్లు ఆర్పించాం. కెమెరాను మెట్ల కమ్మీకి ఆనించి పట్టుకున్నాను. మొదటి అచ్చులో ఇనుము పడింది, నొక్కాను. చూస్తే ప్రతివాడికీ రెండేసి తలలు. పైన క్రేను నడుస్తుంటే కమ్మీ అంతా వణుకుతోంది, నాకు తెలియలేదు. అరుగు మూల మంటలు ఆర్పడానికి పెట్టిన ఇసుక సంచి ఉంది. దాని మీద చెయ్యి వేశాను. అది ముట్టుకోకూడదు మేడం అన్నాడు సేఫ్టీ ఆఫీసర్. నేను ఊరికే ఆయన వైపు చూశాను. ఆయనే సంచిని ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టాడు. కెమెరాను ఇసుకలో కుదురుగా కూర్చోబెట్టాను. కదలలేదు.

మళ్లీ పోత. మీట తిప్పి నిప్పు వెలుగును కాస్త తగ్గించాను. ఉస్తాద్ మొహం తెర మీద ఎర్రగా తేలింది. నొక్కబోయే సమయానికి, అలవాటు చచ్చినా పోదు కదా, మిగతా వాళ్లంతా ఒక్కసారిగా తలలెత్తి నా వైపు చూసి పళ్లు బయటపెట్టారు. నా ప్రాణం ఉసూరుమంది. ఉస్తాద్ చూపు లాడిల్ మీదినుంచి కదలలేదు. కింద నుంచి ఆయన గొంతు మాత్రం వినబడింది.

"చెల్లె దిక్కు కాదు, ఇనుము దిక్కు సూడుండ్రి. కాలి మీద పడితే ఆస్పత్రిల దిగుతరు ఫోటో."

తలలన్నీ దిగిపోయాయి. అచ్చులు ఒకటొకటీ నిండుతున్నాయి. ఒకదానిలో పొగ అడ్డమొచ్చింది. ఇంకోదానిలో ఒకడు ఇంకొకడి మొహానికి అడ్డమొచ్చాడు. ఇక వరుస చివర ఒక్క అచ్చే మిగిలింది, లాడిల్‌లో కాస్త ఇనుమే మిగిలింది. దేవా, నా కోసం కాదు, ఆయన కోసం అనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం నా కోసం కూడా.

క్రేను ఆగింది. ఉస్తాద్ చక్రం తిప్పాడు. ఇనుము సన్నటి ధారగా దిగింది. ఎడమ పక్కన ఇద్దరు పొడవాటి కడ్డీలు పట్టుకుని వంగారు, కుడి పక్కన ఒకడు చెయ్యి ఎత్తి క్రేను మనిషికి సైగ చేస్తున్నాడు, వెనక ఒడిశా పిల్లలు మెడలు సాచి చూస్తున్నారు. అందరి మొహాలకూ ముందు ప్లాస్టిక్ కవచాలు, వాటి వెనక ఒక్కొక్క కన్నూ, ఒక్కొక్క ముడతా తెలుస్తోంది. వెలుగు కింద నుంచి పైకి కొడుతోంది. ఊపిరి ఆపి నొక్కాను.

తెర మీద చూశాక నేనేం చేశానో నాకు గుర్తులేదు. స్తోత్రం స్తోత్రం అని అరిచానట. సేఫ్టీ ఆఫీసర్ ఏదో ప్రమాదం అనుకుని విజిల్ ఊదాడట. కింద అందరూ పని అయిపోయింది గనక నింపాదిగా తలెత్తి చూశారు. అయిందా చెల్లె అన్నాడు ఉస్తాద్. అయింది అన్నా అన్నాను. నా కళ్లలో నీళ్లు, కళ్లద్దాల లోపల, తుడుచుకోవడానికి కూడా లేదు.

సంగారెడ్డిలో ఒక స్టూడియోలో పెద్ద సైజు వేయించాను. స్టూడియో అతను మూలలన్నీ నల్లగా ఉన్నాయి, తెల్లగా చేస్తానన్నాడు. నలుపు ఉంటేనే నిప్పు కనబడుతుంది, ముట్టుకున్నావంటే ఊరుకోనన్నాను. నేనేనా ఈ మాటలంటున్నది అని నాకే ఆశ్చర్యం. మేనేజర్ ఫోటోను టేబుల్ మీద పెట్టుకుని ఒక్కో మొహం మీదా వేలు పెట్టి అందరి పేర్లూ తనే చెప్పారు, ఒక్కటీ తప్పలేదు. అయినా ఎవరూ కెమెరా వైపు చూడటం లేదేమిటి మేడం అని గొణిగారు. ఉస్తాద్ అక్కడే ఉన్నాడు. పోత పోసేటప్పుడు కెమెరా చూసేటోన్ని తాను పనిల పెట్టుకోనని చెప్పాడు. మేనేజర్ నవ్వి, తగిలించండి అన్నారు. ఓ మూల పెడదామనుకున్నాం. పిల్లలు ఊరుకోలేదు. గడ్డి మీద తీసిన ఫోటోలను అటూ ఇటూ జరిపి నట్టనడుమ మేకు కొట్టారు.

వీడ్కోలు రోజున ఇంటివాళ్లను లోపలికి రానిస్తారు. ఉస్తాద్ భార్య వచ్చింది. కొత్త చీర, చేతిలో చిన్న సంచి, బెరుకు బెరుకుగా నడక. ఆయన ఏమీ చెప్పకుండా ఆమెను గోడ ముందు నిలబెట్టాడు. హెల్మెట్లు, కవచాలు, అంతమంది మనుషులు. అయినా ఆమె చూపు ఎక్కడా తడుముకోలేదు, నేరుగా ఆయన మీదే పడింది. చాలాసేపు చూసింది.

"రోజు గింత నిప్పు ముంగట నిలబడ్డవా? ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పినవా?"

"చెప్తే పోనిస్తుంటివా?" అన్నాడు ఉస్తాద్.

ఆమె కొంగుతో ఫ్రేము అద్దం తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు. ఇది తీసిందెవరని అడిగితే క్యాంటీన్ మొత్తం నన్ను చూపించింది. అంతమంది వేళ్లు ఒక్కసారి నా వైపు తిరగడం నా సర్వీసులో అదే మొదలు, అదే చివర. ఆమె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"మా ఇంట్ల కట్టెల పొయ్యి ముంగట నన్ను గూడ గిట్లనే తియ్యమ్మా. ఈయన గూడ ఏనాడు సూడలే."

అందరూ గొల్లున నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఆదివారమే కెమెరా అడిగి తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. పెరట్లో ఆమె జొన్నరొట్టెలు చేస్తుంటే పొయ్యికి ఇవతల కూర్చుని తీశాను. మొదటిదే కుదిరింది. ఉస్తాద్ పీట తెచ్చుకుని నా పక్కన, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. రొట్టెలన్నీ అయ్యేదాకా లేవలేదు.